టెక్సాస్‌లో కేసు రికార్డు: చెరిపించుకోవాలా, సీల్ చేయించుకోవాలా, ముందు ఏ లాయర్‌ని కలవాలి?

"అన్నా, నా రికార్డు సీల్ అయిపోయింది కదా. వీసా స్టాంపింగ్ ఫారంలో అరెస్టు ప్రశ్న దగ్గర నో అని పెట్టేయొచ్చా?"

డాలస్ పక్కన ఉంటున్న ఇన్నేళ్లలో ఈ ప్రశ్న నన్ను చాలామంది అడిగారు. అందరూ పాతికేళ్ల లోపు పిల్లలే. నేను లాయర్‌ని కాదు. కోర్టుకు తోడు రమ్మంటే వెళ్లి వెళ్లి ఈ విషయాలు తెలుసుకున్నవాణ్ణి. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం ఎప్పుడూ ఒకటే: పెట్టకూడదు.

సీల్ ఆర్డరు ఇచ్చేది టెక్సాస్ కోర్టు. అది టెక్సాస్ ఆఫీసులకూ, బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసే కంపెనీలకూ వర్తిస్తుంది. వీసా, గ్రీన్‌కార్డు, పౌరసత్వం ఇచ్చేది ఫెడరల్ ప్రభుత్వం. వీసాకు నింపే డీఎస్-160 ఫారంలో అరెస్టు గురించి అడిగేచోట, క్షమాభిక్ష లాంటివి దొరికినా సరే చెప్పాలని ఆ ప్రశ్నలోనే ఉంటుంది. గ్రీన్‌కార్డుకు పెట్టే ఐ-485, పౌరసత్వానికి పెట్టే ఎన్-400 కూడా సీల్ అయినవీ చెరిపేసినవీ కలిపే అడుగుతాయి. జైల్లో వేలిముద్రలు పెట్టినప్పుడే అవి ఫెడరల్ డేటాబేస్‌కు చేరిపోతాయి. చిన్న దొంగతనం కేసుకు దారులున్నాయి. వీసా ఫారంలో అబద్ధం చెప్పి దొరికితే అమెరికాలో అడుగు పెట్టనివ్వకుండా జీవితకాల నిషేధం పడొచ్చు, దాన్ని తీయించుకోవడం చాలా కష్టం.

అలాగని రికార్డు మూయించడం వృథా ఖర్చు అనుకోవద్దు. ఉద్యోగానికి, అపార్ట్‌మెంట్ అద్దెకు అది చాలా ఉపయోగం. అయితే టెక్సాస్‌లో దానికి రెండు వేర్వేరు ఆర్డర్లున్నాయి. మనవాళ్లు రెండింటినీ "సీల్" అనే ఒక్క మాటతో పిలుస్తారు, అందుకే ఇంత గందరగోళం.

రెండు ఆర్డర్లు, రెండు ఫలితాలు

ఒకటి ఎక్స్‌పంక్షన్. ఇది వస్తే పోలీసులు, జైలు, ప్రాసిక్యూటర్, కోర్టు క్లర్కు, రాష్ట్ర డీపీఎస్ (నేర రికార్డులు ఉంచే ప్రజా భద్రత శాఖ) అందరూ తమ దగ్గరున్న ఆ అరెస్టు కాగితాలను నాశనం చేయాలి, లేదా తిరిగి ఇచ్చేయాలి. ఆ తర్వాత ఉద్యోగ దరఖాస్తులో "ఎప్పుడైనా అరెస్టయ్యావా" అని అడిగితే లేదని చెప్పే హక్కు చట్టమే ఇస్తుంది. దీని నియమాలు క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో ఇదివరకు 55వ అధ్యాయంలో ఉండేవి, 2025 జనవరి 1 నుంచి 55ఏ అధ్యాయంలో ఉన్నాయి. పాత కాగితాల్లో 55 అని కనిపిస్తే కంగారు పడకండి.

రెండోది ఆర్డర్ ఆఫ్ నాన్‌డిస్‌క్లోజర్. మనం సీల్ అనేది నిజానికి ఇదే. ఇందులో కాగితం చింపరు, బీరువాలో పెట్టి తాళం వేస్తారు. మామూలు కంపెనీ, ఇల్లు అద్దెకిచ్చేవాళ్లు చూడలేరు. పోలీసులు చూస్తారు, ప్రాసిక్యూటర్లు చూస్తారు. లైసెన్సులిచ్చే నర్సింగ్ బోర్డు, మెడికల్ బోర్డు లాంటి చాలా ప్రభుత్వ బోర్డులు, స్కూల్ డిస్ట్రిక్టులు కూడా చూస్తాయి. మీ ఇంట్లో ఎవరైనా నర్సింగ్‌లోనో టీచింగ్‌లోనో ఉంటే ఈ తేడా చాలా పెద్దది.

ఎంచుకునే అవకాశం ఉంటే ఎక్స్‌పంక్షనే మేలు. కానీ చాలామందికి ఆ అవకాశం కేసు ముగిసిన రోజే పోయి ఉంటుంది, ఆ సంగతి వాళ్లకు తెలియదు.

ముందు ఒక మాట: చిన్న నేరాలను మిస్‌డిమీనర్లంటారు, వాటిలో క్లాస్ సి అన్నిటికన్నా చిన్నది, తర్వాత బి, ఆపైన ఎ; వీటికన్నా పెద్దవి ఫెలొనీలు. ఎక్స్‌పంక్షన్ ఎవరికి వస్తుందంటే: విచారణలో నిర్దోషిగా తేలినవాళ్లకు, కమ్యూనిటీ సూపర్‌విజన్ (ప్రొబేషన్) ఏదీ లేకుండా కేసు డిస్మిస్ అయినవాళ్లకు, అరెస్టయ్యాక అసలు చార్జే పెట్టనివాళ్లకు, క్లాస్ సి కేసులో డిఫర్డ్ డిస్పోజిషన్ (జడ్జి షరతులు పాటిస్తే కేసు కొట్టేసే పద్ధతి) పూర్తి చేసినవాళ్లకు. చార్జి పెట్టకపోతే అరెస్టు రోజు నుంచి క్లాస్ సికి 180 రోజులు, క్లాస్ ఎ, బిలకు ఏడాది, ఫెలొనీకి మూడేళ్లు ఆగాలి. డైవర్షన్ ప్రోగ్రాం (ప్రాసిక్యూటర్ ఆఫీసు పెట్టేది, దీని గురించి కింద చెబుతాను) పూర్తి చేసి డిస్మిస్ అయితే ఎదురుచూపు సాధారణంగా ఉండదు. ఉత్తినే డిస్మిస్ అయితే మాత్రం కొన్నిసార్లు మళ్లీ కేసు పెట్టే గడువు ముగిసేదాకా ఆగాల్సి రావచ్చు. మిస్‌డిమీనర్‌కు ఆ గడువు మామూలుగా రెండేళ్లు.

నాన్‌డిస్‌క్లోజర్ ఎక్కువగా డిఫర్డ్ అడ్జుడికేషన్ పూర్తి చేసినవాళ్లకు. అంటే కోర్టులో గిల్టీ అనో నో కాంటెస్ట్ (తప్పు ఒప్పుకోను, కానీ వాదించను) అనో చెబుతారు, జడ్జి తీర్పు వాయిదా వేసి ప్రొబేషన్‌లో పెడతాడు, అది సక్రమంగా ముగిస్తే కేసు కొట్టేస్తాడు. మొదటిసారి చిన్న మిస్‌డిమీనర్లకు విడిగా పిటిషన్ లేకుండానే, సూపర్‌విజన్ మొదలై 180 రోజులు గడిచాక ఆర్డరు వచ్చే వీలుంది. దాడి, ఆయుధాల లాంటి మిస్‌డిమీనర్లకు పూర్తయ్యాక రెండేళ్లు, ఫెలొనీకి ఐదేళ్లు ఆగాలి. క్లాస్ బి, ఆపై కేసుల్లో డిఫర్డ్ తీసుకున్నవాళ్లకు ఎక్స్‌పంక్షన్ రాదు. ఎంత మంచి లాయర్‌ని పెట్టుకున్నా అంతే. "నేను చేయించిపెడతా" అని ఎవరైనా అంటే అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

అసలు మెలిక: టెక్సాస్ మాట వేరు, ఇమిగ్రేషన్ మాట వేరు

ఇది ఒకటికి రెండుసార్లు చదవండి.

డిఫర్డ్ అడ్జుడికేషన్ పూర్తి చేస్తే టెక్సాస్ చట్టం దాన్ని కన్విక్షన్‌గా, అంటే నేరం రుజువైన తీర్పుగా చూడదు. లాయర్ కూడా నిజాయితీగానే "కన్విక్షన్ కాదు బాబూ, ఆర్నెల్లు బుద్ధిగా ఉంటే చాలు" అంటాడు. కానీ ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టంలో కన్విక్షన్‌కు సొంత నిర్వచనం ఉంది. నిందితుడు గిల్టీ లేదా నో కాంటెస్ట్ చెప్పి ఉండాలి, లేదా నేరం రుజువయ్యేంత విషయం ఒప్పుకుని ఉండాలి. దానిపై జడ్జి ఏదో ఒక శిక్షో కట్టుబాటో విధించి ఉండాలి. ఈ రెండూ ఉంటే చాలు. డిఫర్డ్‌లో రెండూ ఉన్నాయి. ఆ తర్వాత కేసు కొట్టేసినా, రికార్డు సీల్ చేసినా ఇమిగ్రేషన్ దృష్టిలో అది కన్విక్షనే. మంచి ప్రవర్తనకు మెచ్చి రాష్ట్రం రికార్డు తుడిచేసినా ఇమిగ్రేషన్‌కు లెక్కలేదని 1999లో రోల్డాన్ అనే కేసులో ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు తేల్చింది.

నాకు బాగా తెలిసిన ఒక అబ్బాయికి ఇదే జరిగింది. మాస్టర్స్ రెండో సెమిస్టర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా బ్యాగులో వేశాడు. విలువ నూట ఇరవై డాలర్లు దాటింది. టెక్సాస్‌లో వంద లోపు దొంగతనం క్లాస్ సి, దానికి 500 డాలర్ల దాకా జరిమానాతో సరి. వంద నుంచి 750 లోపు అయితే క్లాస్ బి, 180 రోజుల దాకా జైలు పడే అవకాశం. 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ, ఏడాది దాకా. ఆ అబ్బాయి ఒక లాయర్‌ని పెట్టుకున్నాడు, మొదటి తేదీనే డిఫర్డ్ తీసుకున్నాడు, కేసు ఆర్నెల్లలో ముగిసింది, నాన్‌డిస్‌క్లోజర్ కూడా వచ్చింది. ఇంట్లో చెప్పలేదు. మూడేళ్ల తర్వాత అక్క పెళ్లికి ఇండియా వెళ్లి స్టాంపింగ్‌కు కూర్చుంటే కాగితాలన్నీ అడిగారు. పెళ్లి అయిపోయింది, సెలవు అయిపోయింది, వీసా రాలేదు. నెలల తరబడి హైదరాబాద్‌లో కూర్చుని రాత్రిళ్లు ఫోన్ చేసి ఏడ్చేవాడు. చివరికి వచ్చింది. ఎందుకొచ్చిందంటే, ఒకే ఒక్క చిన్న నేరం, గరిష్ఠ శిక్ష ఏడాది మించకుండా, వేసిన శిక్ష ఆరు నెలలు దాటకుండా ఉంటే ఒక మినహాయింపు ఉంది. అతనికి అది సరిపోయింది. లాయర్‌ మొదటి రోజే "నువ్వు ఏ వీసా మీద ఉన్నావు" అని అడిగి ఉంటే అంత దూరం వెళ్లేదే కాదు.

దొంగతనాన్ని ఇమిగ్రేషన్ చట్టం నైతిక పతనానికి సంబంధించిన నేరంగా చూస్తుంది. దేశంలోకి వచ్చిన ఐదేళ్లలోపు, ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడగల అలాంటి నేరంలో కన్విక్షన్ అయితే డిపోర్టేషన్ దాకా వెళ్లొచ్చు. అందుకే క్లాస్ ఎకీ క్లాస్ బికీ మధ్య తేడా మనకు జరిమానా తేడా మాత్రమే కాదు. ప్రాసిక్యూటర్‌తో మాట్లాడి క్లాస్ ఎ కేసును క్లాస్ బికి దించడం ఒక్కోసారి రికార్డు మూయించడం కన్నా పదింతలు విలువైన పని. ఇక రెండోసారి దొరికితే చాలా చిక్కు, ఎందుకంటే అలాంటివి రెండు కన్విక్షన్లైతే ఐదేళ్ల లెక్క కూడా ఉండదు.

క్లాస్ సి గురించి కూడా ఒక మాట. వంద డాలర్ల లోపు దొంగతనానికి పోలీసు చేతికి ఒక టికెట్ ఇచ్చి పంపేస్తాడు. చూడ్డానికి స్పీడింగ్ టికెట్‌లాగే ఉంటుంది. రూమ్‌మేట్స్ "ఆన్‌లైన్‌లో కట్టేయ్ రా, టెన్షన్ పోద్ది" అంటారు. కట్టేస్తారు. ఆ కట్టడమే నో కాంటెస్ట్ ప్లీ (ఆరోపణకు కోర్టులో ఇచ్చే జవాబు). దొంగతనం కన్విక్షన్‌గా అది రికార్డులోకి ఎక్కుతుంది, తీయడం చాలా కష్టం. ఆ టికెట్ మీద ఉన్న తేదీలోపు ఒక్క లాయర్‌తో మాట్లాడి డిస్మిస్ దారి వెతికితే, తర్వాత ఎక్స్‌పంక్షన్ వస్తుంది. దయచేసి ఆ డబ్బు కట్టొద్దు.

కేసు ఎలా ముగించుకోవాలి

నా అభిప్రాయంలో పోల్చి చూడాల్సిన అసలు విషయం ఇదే. వీసా మీదో గ్రీన్‌కార్డు మీదో ఉన్నవాళ్లకు ఎక్స్‌పంక్షనా, నాన్‌డిస్‌క్లోజరా అనే ప్రశ్న కేసు చివర్లో వచ్చేది. మొదట్లో వచ్చేది, డైవర్షనా, డిఫర్డా, పోరాటమా అనేది.

ప్రీట్రయల్ డైవర్షన్ అంటే ప్లీ చెప్పకుండానే ప్రాసిక్యూటర్ ఆఫీసు పెట్టే ప్రోగ్రాం: క్లాసులు, కమ్యూనిటీ సర్వీసు, ఫీజు, కొన్ని నెలలు. పూర్తయితే డిస్మిస్, తర్వాత ఎక్స్‌పంక్షన్. మన పిల్లలకు ఇది చాలా మంచి దారి. కానీ ఇక్కడా ఒక గోతి ఉంది. కొన్ని కౌంటీల్లో ప్రోగ్రాంలో చేరేముందు "అవును, నేను ఈ పని చేశాను" అని ఒప్పుకుంటూ సంతకం పెట్టమంటారు. 2017లో మొహమ్మద్ అనే కేసు ఒకటి వచ్చింది, అది టెక్సాస్ కేసే. అందులో చేరేటప్పుడే తప్పు ఒప్పుకుని ఉండటం, జడ్జి ఆ ఒప్పందాన్ని ఆమోదించి షరతులు పెట్టడం, ఈ రెండూ కలిశాయి కాబట్టి అది కన్విక్షనే అని ఇమిగ్రేషన్ అప్పీళ్ల బోర్డు చెప్పింది. కాబట్టి డైవర్షన్ అని పేరు వినగానే ఊపిరి పీల్చుకోకండి. ఆ కాగితంలో ఒప్పుకోలు ఉందా, జడ్జి సంతకం ఉందా అన్నది ఇమిగ్రేషన్ లాయర్‌ చదివాకే సంతకం పెట్టండి. మంచి క్రిమినల్ లాయర్ ఒప్పుకోలు లేని ఒప్పందం కోసం ప్రాసిక్యూటర్‌తో మాట్లాడతాడు, చాలాసార్లు కుదురుతుంది.

డిఫర్డ్ తొందరగా అయిపోతుంది, తక్కువ ఖర్చు, జైలు భయం పోతుంది. అమెరికా పౌరులకు, ముఖ్యంగా ఇక్కడే పుట్టిన మన పిల్లలకు, అది మంచి ఒప్పందమే. తర్వాత నాన్‌డిస్‌క్లోజర్ తీసుకుంటే ఉద్యోగాలకు అడ్డు దాదాపు ఉండదు. అదే కాగితం ఎఫ్-1 స్టూడెంట్ వీసాలో ఉన్న అబ్బాయికి ఇస్తే ఫలితం పూర్తిగా వేరు. ఒకే కోర్టు హాల్లో, ఒకే రోజు, ఒకే తప్పుకు.

పోరాటం అంటే ప్లీ చెప్పకుండా తేదీలు సాగదీసి, వీడియో తెప్పించి, డిస్మిస్‌కు ప్రయత్నించడం, కుదరకపోతే ట్రయల్. డబ్బు ఎక్కువ, మనసు నలుగుతుంది. సాక్ష్యం బలహీనంగా ఉంటే ఇదే దారి. నిర్దోషి అని తేలితే ఎక్స్‌పంక్షన్‌కు హక్కు తిన్నగా వస్తుంది.

డీడబ్ల్యూఐ (తాగి బండి నడిపిన కేసు) లెక్క వేరే. మామూలు డీడబ్ల్యూఐని నైతిక పతనం కింద లెక్కించరు. అయితే అరెస్టు కాగానే విదేశాంగ శాఖ వీసా స్టాంపును రద్దు చేస్తూ ఈమెయిల్ పంపడం మామూలైంది. ఇక్కడ ఉన్న స్టేటస్ సాధారణంగా దాంతోనే పోదు, కానీ ఇండియా వెళ్తే మళ్లీ వీసా కావాలి, కాన్సులేట్ గుర్తించిన ప్యానెల్ డాక్టరు పరీక్ష ఉంటుంది. రికార్డు సంగతికొస్తే, 2019 సెప్టెంబర్ నుంచి మొదటిసారి డీడబ్ల్యూఐకి, రక్తంలో ఆల్కహాల్ 0.15 లోపుంటే, డిఫర్డ్ ఇవ్వొచ్చు. పూర్తయిన రెండేళ్లకు నాన్‌డిస్‌క్లోజర్ అడగొచ్చు. మళ్లీ తాగి పట్టుబడితే మాత్రం సీల్ అయిన మొదటిదాన్ని కూడా లెక్కలోకి తెచ్చి శిక్ష పెంచుతారు.

వేప్ పెన్ (ఈ-సిగరెట్) గురించి తల్లిదండ్రులకు చెబుతున్నాను. పక్క రాష్ట్రంలో కొన్నదే కావచ్చు, టీహెచ్‌సీ (గంజాయిలోని మత్తు పదార్థం) నూనె ఉన్న పెన్ను టెక్సాస్‌లో ఒక గ్రాము లోపున్నా ఫెలొనీ. డ్రగ్స్ విషయంలో ఇమిగ్రేషన్ చట్టానికి జాలి తక్కువ, పైన చెప్పిన చిన్న నేరం మినహాయింపు దీనికి లేదు. ఇందులో డైవర్షన్ తప్ప వేరే మాట వినొద్దు.

ఇంట్లో గొడవలో 911కి ఫోన్ చేస్తే పడే దాడి కేసు ఇంకా బరువైంది. ఊళ్లో అయితే పెద్దమనుషులు కూర్చోబెడతారు, లోక్ అదాలత్‌లో రాజీ అవుతుంది. ఇక్కడ "భార్యే వద్దంటే కేసు పోతుంది కదా" అనుకుంటారు. పోదు. కేసు నడిపేది రాష్ట్రం. ఆమె కేసు వద్దని అఫిడవిట్ ఇచ్చినా ప్రాసిక్యూటర్ ముందుకు వెళ్లొచ్చు. ఫ్యామిలీ వయొలెన్స్ అని కోర్టు రాసిన కేసుకు నాన్‌డిస్‌క్లోజర్ ఎన్నటికీ రాదు, గృహహింస కన్విక్షన్ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్లను కూడా డిపోర్టేషన్‌కు లాగుతుంది. కాబట్టి డిఫర్డ్ ఎంత తేలికగా కనిపించినా ఇక్కడ తీసుకోకూడదు. డిస్మిస్ చేయించి ఎక్స్‌పంక్షన్‌కు వెళ్లడమే దారి. ఇది చదివేది దెబ్బలు తిన్న అమ్మాయి అయితే మాత్రం, అతని వీసా గురించి ఆలోచించి ఫోన్ చేయకుండా ఆగొద్దు. ముందు నీ ప్రాణం.

ఏ లాయర్, ఎంతవరకు

ఇద్దరు కావాలి. ఆ కౌంటీలో రోజూ తిరిగే క్రిమినల్ లాయర్ ఒకరు, ఇమిగ్రేషన్ లాయర్ ఒకరు. కొల్లిన్, డెంటన్, డాలస్, టారంట్ పక్కపక్క కౌంటీలే అయినా డైవర్షన్ నియమాలు ఒక్కో ప్రాసిక్యూటర్ ఆఫీసులో ఒక్కోలా ఉంటాయి. హ్యూస్టన్‌లో పెద్ద పేరున్న లాయర్ కన్నా ఫ్రిస్కో అబ్బాయికి కొల్లిన్ కోర్టు తెలిసిన మామూలు లాయర్ నయం. ఇమిగ్రేషన్ లాయర్‌ని కేసంతా పెట్టుకోనక్కర్లేదు. ఒకటి రెండు గంటల కన్సల్టేషన్, ఆయన రాసిచ్చిన మెమో క్రిమినల్ లాయర్ చేతికి చేరితే చాలు.

2010లో పడిల్లా వర్సెస్ కెంటకీ కేసులో సుప్రీంకోర్టు, ప్లీ వల్ల డిపోర్టేషన్ ప్రమాదం ఉందేమో క్లయింటుకు చెప్పడం క్రిమినల్ లాయర్ బాధ్యత అని తీర్పు ఇచ్చింది. కాబట్టి మీరు అడగడం మొహమాటపడాల్సిన పని కాదు. మొదటి మీటింగ్‌లోనే "నేను ఫలానా వీసా మీద ఉన్నాను, ఈ ప్లీ ఇమిగ్రేషన్‌కు కన్విక్షన్ అవుతుందా" అని ఈమెయిల్లో అడిగి ఈమెయిల్లోనే జవాబు తీసుకోండి. లాయర్ ఆ సలహా ఇవ్వకుండా ఇప్పటికే ప్లీ చేయించి ఉంటే, దాన్ని తిరగదోడే రిట్ పిటిషన్ ఒకటుంది. కష్టమైన దారి, కానీ కన్విక్షన్‌ను లోపం వల్ల కోర్టు రద్దు చేస్తే దానికి ఇమిగ్రేషన్ కూడా విలువిస్తుంది. సీల్ చేస్తే ఇవ్వని విలువ అది. పాత డిఫర్డ్‌తో గ్రీన్‌కార్డు ఆగినవాళ్లు నాన్‌డిస్‌క్లోజర్‌కు డబ్బు పెట్టేముందు ఈ రిట్ గురించి అడగాలి.

కేసు ముగిశాక రికార్డు మూయించే పనికి మూడు దారులు. ఫ్లాట్ ఫీజు లాయర్, ఆన్‌లైన్ సర్వీసు, సొంతంగా. నాన్‌డిస్‌క్లోజర్ సొంతంగా చేసుకోవడం కష్టం కాదు. రాష్ట్ర కోర్టు పరిపాలన ఆఫీసు ఫారాలు ఉచితంగా పెట్టింది, టెక్సాస్ లా హెల్ప్ వెబ్‌సైట్‌లో మార్గదర్శకాలున్నాయి, డిఫర్డ్ ఇచ్చిన కోర్టులోనే వేయాలి. ఎక్స్‌పంక్షన్‌కు మాత్రం లాయర్‌ని పెట్టుకోమంటాను. ఆ పిటిషన్‌లో మీ పేరు ఉన్న ప్రతి ఆఫీసునూ రాయాలి: అరెస్టు చేసిన పోలీసులు, జైలు, మేజిస్ట్రేట్, ప్రాసిక్యూటర్, క్లర్కు, డీపీఎస్. ఒకటి మరిచిపోతే అక్కడ రికార్డు అలాగే ఉండిపోతుంది. డబ్బు ఇబ్బందైతే డాలస్ కౌంటీలో ప్రాసిక్యూటర్ ఆఫీసు నడిపే ఎక్స్‌పంక్షన్ ఎక్స్‌పో లాంటివి చూడండి, చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఉచిత న్యాయ సలహా కూడా ఉంది. కోర్టు ఇచ్చిన ఉచిత లాయర్ ఈ పని సాధారణంగా చేయరు, ఆయన పని కేసుతో అయిపోతుంది.

ఆన్‌లైన్ సర్వీసుల మీద నాకు నమ్మకం తక్కువ. ఫారం నింపుతారు, అర్హత ఉందో లేదో లోతుగా చూడరు, మీ వీసా సంగతి అసలు అడగరు. లాయర్ దగ్గరైనా ఫీజు మాట్లాడేటప్పుడు ఫైలింగ్ ఫీజు అందులోనే ఉందా, హియరింగ్‌కు ఎవరు వస్తారు, ఆర్డరు వచ్చాక డీపీఎస్‌లో నిజంగా పోయిందో లేదో ఎవరు చూస్తారు అని అడగండి. ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ కంపెనీల దగ్గర పాత కాపీ ఉండొచ్చు. వాళ్లకు ఆర్డరు కాపీతో నోటీసు పంపడం ఈ పనిలో భాగమే.

బ్యాంకు క్లయింట్లకు పనిచేసే ఐటీ వాళ్లకు ఒక శుభవార్త ఉంది. దొంగతనం లాంటి కేసులున్నవాళ్లను, డైవర్షన్ తీసుకున్నవాళ్లను కూడా, డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉన్న బ్యాంకుల్లో పనికి పెట్టుకోకూడదనే పాత ఫెడరల్ నిబంధన ఒకటుంది. 2022 డిసెంబర్‌లో వచ్చిన చట్టం ఎక్స్‌పంజ్ అయిన, సీల్ అయిన వాటిని దాని నుంచి తప్పించింది. ఇలాంటి చోట నాన్‌డిస్‌క్లోజర్‌ ఖర్చు పూర్తిగా తిరిగొస్తుంది.

చెరిపేముందు కాపీలు

ఎక్స్‌పంక్షన్ వేసే ముందు, మళ్లీ చెబుతున్నాను, ముందు, క్లర్కు ఆఫీసుకు వెళ్లి సర్టిఫైడ్ కాపీలు తీసుకోండి. చార్జి కాగితం, డిస్మిస్ ఆర్డరు, డైవర్షన్ ఒప్పందం, పోలీసు రిపోర్టు. మూడు నాలుగు సెట్లు. రికార్డు నాశనమయ్యాక క్లర్కును అడిగితే "అలాంటి కేసు లేదు" అంటారు. ఇమిగ్రేషన్ ఆఫీసరు మాత్రం అరెస్టు చూపిస్తూ "ఇది ఎలా ముగిసింది, కాగితం ఏది" అంటాడు. చేతిలో కాగితం లేకపోతే డిస్మిస్ అయిందని నిరూపించేది మీరే.

2025 ఏప్రిల్‌లో దీని విలువ తెలిసింది. దేశమంతటా వేలమంది విద్యార్థుల సెవిస్ (విదేశీ విద్యార్థుల ప్రభుత్వ డేటాబేస్) రికార్డులను ఒక్కసారిగా టెర్మినేట్ చేశారు. చాలామందికి కారణం పోలీసు డేటాబేస్‌లో పేరు తగలడమే, వాళ్లలో కేసులు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో వరసగా దావాలు పడ్డాక నెలాఖరుకు తిరిగి పునరుద్ధరించారు. ఆ రోజుల్లో డిస్మిస్ ఆర్డరు చేతిలో ఉన్న పిల్లలు అదే రోజు లాయర్‌కు పంపగలిగారు. లేనివాళ్లు క్లర్కు ఆఫీసు ముందు లైన్లో నిలబడ్డారు.

కాపీలతో పాటు డీపీఎస్ నుంచి మీ రికార్డూ, 18 డాలర్లు కట్టి ఎఫ్‌బీఐ నుంచి మీ రికార్డూ తెప్పించుకుని చూడండి. ఆర్డరు వచ్చిన కొన్ని నెలలకు మరోసారి తెప్పించి పోల్చండి. ఒక సెట్టు అమెరికాలో మీ దగ్గర, ఇంకో సెట్టు ఇండియాలో అమ్మానాన్నల దగ్గర ఉంచండి. స్టాంపింగ్‌కు వెళ్లినప్పుడు సూట్‌కేసు మిస్సయినా పని ఆగదు. అవును, దానికోసం వాళ్లకు విషయం చెప్పాల్సి వస్తుంది. ఫోన్ చేసి చెప్పండి. తిడతారు. ఆ కవరు మాత్రం మీ పదో తరగతి సర్టిఫికెట్ పక్కనే జాగ్రత్తగా దాస్తారు.